సవరణ: మ్యాపు ఆటలో లేదు, మా చేతిలో ఉంది

మల్లేశ్వరంలో మా అన్నయ్య పీసీ మీద ఆడిన ‘ఐ ఆఫ్ ది బిహోల్డర్’ అనే, నేలమాళిగల్లో దారి వెతుక్కుంటూ తిరిగే ఆట గురించి మొన్న రాసినదాంట్లో “మ్యాపు చూసుకుంటూ వెళ్ళేవాళ్ళం” అన్నాను. మ్యాపు ఆటలోనే కనిపించేదని కొందరు అనుకున్నారు. కాదు. 1991 నాటి ఆ ఆటలో అలాంటి సదుపాయం లేదు. దాన్ని తయారుచేసిన వెస్ట్‌వుడ్ వాళ్ళ తర్వాతి ఆట ‘ల్యాండ్స్ ఆఫ్ లోర్’ (1993)లో అది వచ్చింది.

మాది గ్రాఫ్ కాగితం. ఒక్కో గడి ఒక్కో అడుగు, తలుపుకి అడ్డగీత, గోడలో దాగిన బటన్‌కి చిన్న సున్నా. అన్నయ్యకి కీబోర్డు, నాకు పెన్సిలు. తెలియక టెలిపోర్టర్ (మనల్ని క్షణంలో ఇంకోచోటికి విసిరేసే గడి) తొక్కామా, సగం కాగితం చెరపాల్సిందే!

ఇంకోటి. మనం ఆలోచిస్తూ ఆగినా రాక్షసులు ఆగకుండా మీదికి రావడం ఈ ఆటతో మొదలవలేదు. 1987లోనే అటారీ ఎస్‌టీ కంప్యూటర్ మీద ‘డంజన్ మాస్టర్’ ఆ టెన్షన్ రుచి చూపించింది.