విప్పితే పట్టని ఉయ్యాల

పిల్లల సామాను అమ్మే కంపెనీలన్నీ ఈ మధ్య చిన్న ఇళ్ల మీద అపారమైన జాలి పెంచుకున్నాయి. ఆ జాలి ఫలితంగానే ‘చిన్న ఇళ్ల కోసం ప్రత్యేకం’ అనే ముద్రతో ఫోల్డింగ్ క్రిబ్బులు, అంటే మడిచి దాచుకునే పసిపిల్లల పడకలు, రోజుకొకటి మన ఫోన్లలో ప్రత్యక్షమవుతున్నాయి. ఆ ప్రకటనలోని బొమ్మను ఒకసారి నిదానంగా చూడండి. నేల నుంచి కప్పు దాకా కిటికీ, గాలికి ఊగే తెల్లటి పరదా, మూలన ఒక మొక్క, గది నడుమ ఒంటరిగా ఒక క్రిబ్. ఆ ఒక్క గదిలో, కూకట్‌పల్లిలో అయితే, రెండు కుటుంబాలూ ఒక టైలరింగ్ షాపూ హాయిగా బతికేస్తాయి. బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో కొలత ఉంటుంది: పొడవు 30 అంగుళాలు, వెడల్పు అడుగు. అది మడిచి సంచిలో పెట్టినప్పటి కొలత. విప్పినప్పటి కొలత తెలుసుకోవాలనే దురాశ ఉన్నవారు దోమతెర రంగులూ, వేలాడే బొమ్మలు పాడే పాటల జాబితా, వారంటీ షరతులూ అన్నీ దాటుకుని అట్టడుగుకు దిగాలి. పసిపాప సంచిలో నిద్రపోతుందని వీళ్లకు ఎవరు చెప్పారో గాని, ఆ నమ్మకం మాత్రం చెక్కుచెదరనిది.

విప్పితే ఈ రకం క్రిబ్ సుమారు 40 అంగుళాల పొడవు, 28 అంగుళాల వెడల్పు ఉంటుంది. ఒక్క గది ఉన్న ఇంట్లో ఆ గదికి కనీసం 9.5 చదరపు మీటర్లు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది, అంటే అటూ ఇటూగా పది అడుగులకు పది అడుగులు. కోడ్ కనీసం అన్న మాటను మన బిల్డర్లు గరిష్ఠం అని చదువుకున్నారు. అమ్మకం కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల, లెక్కనే జరగాలని 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా, మెట్లనూ లిఫ్టునూ కలిపేసుకున్న చదరపుటడుగులే బ్రోషర్లలో మెరుస్తుంటాయి. లేని చోటును ఉన్నట్టు చూపే విద్య బిల్డరుది, పట్టే చోటును పట్టనట్టు చూపే విద్య క్రిబ్ కంపెనీది. ఈ ఇద్దరు విద్వాంసుల మధ్య నలిగే గదిలోనే మన కథానాయకుడు, అంటే క్రిబ్ కొన్న తండ్రి, రాత్రి పదిన్నరకు దాన్ని విప్పే కార్యక్రమానికి శ్రీకారం చుడతాడు.

పది అడుగుల గదిలో ఆరడుగుల వెడల్పు డబుల్ కాట్ ఉంటుంది. అది పెళ్లికి అత్తవారు పెట్టినది కనుక తీసేయడమనే ప్రశ్నే లేదు. మిగిలిన నాలుగడుగుల పట్టీలోకే గది తలుపూ తెరుచుకోవాలి, బీరువా తలుపూ తెరుచుకోవాలి, ఇప్పుడు క్రిబ్బూ తెరుచుకోవాలి. అందుచేత క్రిబ్ విప్పడానికి ముందే మర్నాటి చొక్కా, డైపర్లు, పొద్దున బ్యాంకుకు పట్టుకెళ్లవలసిన కాగితాలు బయటికి తీసుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత తెల్లవారేదాకా బీరువాకు సెలవు. ఇల్లాలు లోపలికి వచ్చేయాలి, మంచినీళ్ల సీసా రావాలి, బాత్రూమ్ పనులు ముగియాలి. మూడో నెలలో మనవరాలిని అప్పగించడానికి వచ్చి అక్కడే ఉండిపోయిన అమ్మమ్మ, సగమే తెరుచుకునే తలుపు సందులోంచి పర్యవేక్షణ బాధ్యత స్వీకరిస్తుంది.

ఇక అసలు ఘట్టం. ఈ క్రిబ్ విప్పడంలో కిటుకు ఒక్కటే. నాలుగు వైపులా ఉన్న పై కమ్మీలు టక్కుమని బిగుసుకునేదాకా అడుగున నడుమ ఉన్న పట్టును పైకి లేపే ఉంచాలి, అన్నీ బిగిశాకే దాన్ని కిందికి నొక్కాలి. నడుమ ముందే నొక్కితే కమ్మీలు చచ్చినా బిగుసుకోవు. లోకంలోని ప్రతి తండ్రీ ముందుగా నొక్కేది ఆ నడుమనే. “అమ్మాయ్, ఆ నడిమిది పైకి ఎత్తి పట్టుకోమను మీ ఆయన్ని,” అని తలుపు సందులోంచి ఆదేశం వస్తుంది, ఎందుకంటే అల్లుడితో నేరుగా మాట్లాడే ఆచారం ఆ ఇంట లేదు. ఆయన ఎత్తుతాడు. మూడు కమ్మీలు బిగుస్తాయి, నాలుగోది జారుతుంది. దాన్ని బిగిస్తే మొదటిది వదిలేస్తుంది. పాప లేస్తుందన్న భయంతో సౌండు తీసేసిన వీడియోలో ఒక చిరునవ్వుల యువతి ఒంటిచేత్తో ఆరు సెకన్లలో ఈ పని పూర్తిచేస్తూనే ఉంటుంది. చివరికి నాలుగో కమ్మీ బిగుసుకున్న టక్కు శబ్దానికి, అంతసేపూ డబుల్ కాట్ మీద నిశ్చింతగా నిద్రపోయిన పాప ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంటుంది. ఊరుకోబెట్టి క్రిబ్‌లో వేస్తే మళ్లీ ఏడుపు. పన్నెండు గంటలకు పాప అమ్మానాన్నల నడుమ, ఇస్త్రీ బట్టలు దోమతెర కింద, ఎవరి చోట వారు సుఖంగా నిద్రపోతారు. పొద్దున్నే అన్నీ మడవాలి, లేకపోతే అమ్మమ్మ కాఫీ గ్లాసుతో లోపలికి రాలేదు.

ఇదంతా నవ్వుకునే సంగతే. ఉచితమంటూ దీనితో పాటు అంటగట్టే సామాను దగ్గర నాకు నవ్వు రాదు. చుట్టూ కట్టే దూది దిమ్మెలు, తల గుండ్రంగా రావడానికి దిండు, ‘కంపెనీ పరుపు పలచగా ఉంది’ అని దానిమీద వేసే రెండో పరుపు. పసిపిల్లలను గట్టిగా, సమంగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలనీ, ఆ పడకలో దిండు, దిమ్మె, దుప్పటి ఏవీ ఉండకూడదనీ అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మొత్తుకుంటోంది. ముఖం మెత్తటి గుడ్డలో కూరుకుపోతే పక్కకు తిప్పుకునే బలం మూడు నెలల పాపకు ఉండదు. రెండో పరుపుకూ వల గోడకూ మధ్య సందులో దూరిపోతే బయటపడే బలం అంతకన్నా ఉండదు. ఆ దూది దిమ్మెల అమ్మకాన్ని 2022లో చట్టం చేసి మరీ అమెరికా నిషేధించింది. మన దగ్గర వాటినే ‘రక్షణ కిట్’ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. ఎవరి నుంచి ఎవరికయ్యా రక్షణ?

కమ్మీ సరిగా బిగిసిందా లేదా అన్నది కూడా తమాషా కాదు. 1998లో షికాగోలో, ఒక డేకేర్‌లో, మడత క్రిబ్ పై కమ్మీలు నడిమికి కుంగి మెడ చుట్టూ ముడుచుకోవడంతో ఏడాదిన్నర నిండని బాబు చనిపోయాడు. ఆ మోడల్‌ను అంతకు ఐదేళ్ల ముందే వెనక్కి పిలిచారు, ఆ కబురు మాత్రం ఆ డేకేర్‌కు చేరలేదు. ఆ తల్లిదండ్రుల పోరాటం కూడా తోడై, 2008లో అక్కడ పిల్లల పడకలకు భద్రతా ప్రమాణాలనూ పరీక్షలనూ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. మనకు వచ్చే ప్రకటనలో కమ్మీల బిగింపు గురించి ఒక్క ముక్క ఉండదు, పాటల సంఖ్య మాత్రం ఉంటుంది. సిగ్గుండాలి.

కాబట్టి కొనేవారికి నా సలహా నిరాడంబరమైనది. 40 అంగుళాలకు 28 అంగుళాల మేర నేల మీద పాత పేపర్లు పరిచి, ఒక రాత్రంతా వాటిని తొక్కకుండా ఇంట్లో తిరగండి. తిరగగలిగితే దుకాణానికి వెళ్లి, క్రిబ్‌ను మీ ఎదుటే విప్పించి, నాలుగు కమ్మీల మీదా చేత్తో గట్టిగా నొక్కి చూడండి. మా వీధి చివరి దుకాణంలో నేను ఈ కోరికే కోరాను. ఆయన సంచిని కౌంటర్ మీద పెట్టి, ఎంతో మర్యాదగా, “విప్పడానికి షాపులో చోటు లేదండీ సార్, ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి,” అన్నాడు.