యాప్‌లో కనిపించే యూనిట్లన్నీ ఆదా కాదు, బాబాయ్

ఒకే సోలార్ మెసేజ్ ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. మొదట మా పెద్దమ్మ కొడుకు పెట్టాడు, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, తర్వాత పాత ఆఫీసు గ్రూపులో, నిన్న రాత్రి బాబాయి దగ్గర నుంచి. మూడుసార్లు చూసి వదిలేశాను. బాబాయి మాత్రం కింద "వచ్చే వారం లోన్‌కి వెళ్తున్నాను" అని రాశాడు. ఇక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

మెసేజ్ సారాంశం ఇది: 5 కిలోవాట్ల సోలార్ పెడితే నెలకు 600 యూనిట్లు వస్తాయి, యూనిట్ 10 రూపాయల లెక్కన నెలకు 6,000 ఆదా, ఫోన్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు. బ్యాటరీ కూడా పెడితే ఆదా రెట్టింపు. సబ్సిడీ 78,000. ఎండ ఎంత ముదిరితే కరెంటు అంత ఎక్కువ. లైన్ పోయినా మీ ఇంట్లో లైట్లు ఆరవు. బిల్లు సున్నా.

చిన్నవి ముందు తేల్చేస్తాను. బిల్లు సున్నా కాదు, కిలోవాట్‌కు ఇంత అని ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ వస్తూనే ఉంటాయి. వేడి ముదిరితే కరెంటు పెరగదు, వేడెక్కిన ప్యానెల్ ఉత్పత్తి తగ్గుతుంది, ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ 0.3, 0.4 శాతం చొప్పున. రోహిణి కార్తెలో ప్యానెల్ మీద చెయ్యి పెట్టి చూడండి. సబ్సిడీ అంకె నిజమే, కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000. కానీ అక్కడితో ఆఖరు. నాలుగో కిలోవాట్‌కు, ఐదో కిలోవాట్‌కు కేంద్రం పైసా ఇవ్వదు, ఆ ముక్క మాత్రం మెసేజ్‌లో లేదు.

ఇప్పుడు అసలు సంగతి, ఆ "600 ఇంటూ 10". జనాన్ని అప్పుల్లోకి దింపేది ఈ ఒక్క లైనే.

బాబాయి వాళ్లు నెలకు దాదాపు 300 యూనిట్లు వాడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన ఇళ్ల శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఈ లెక్కన 300 యూనిట్లకు కరెంటు ఛార్జీ 1,673 రూపాయలు, సుంకం, ట్రూఅప్ (పాత ఖర్చుల తేడాని తర్వాత బిల్లులో వేసే సర్దుబాటు ఛార్జీ) వేరే. నెలకు 1,673 కట్టే మనిషికి 6,000 ఎలా ఆదా అవుతుంది? మిగతా 4,327 డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు ఇంటికి తెచ్చి ఇస్తారా? ఇన్ని గ్రూపుల్లో ఇంతమంది ఫార్వర్డ్ చేశారు, ఒక్కరైనా తమ బిల్లు తీసి పక్కన పెట్టి చూసుకోలేదా!

పోనీ, సరైన లెక్క చూద్దాం. ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే నెలకు 120. సోలార్ వచ్చాక యూనిట్లు పై శ్లాబు నుంచి తగ్గుకుంటూ వస్తాయి. మొదటి కిలోవాట్ బాబాయి బిల్లుని 300 నుంచి 180కి దించుతుంది, అవన్నీ 8.75, 6 రూపాయల యూనిట్లు కాబట్టి 926 రూపాయలు మిగులుతాయి. రెండోది 180 నుంచి 60కి తెస్తుంది, 600 మిగులుతాయి. ఇక మూడోదానికి తగ్గించడానికి మిగిలింది 60 యూనిట్లే, అవీ 3 రూపాయలవి, 1.90వి. మిగిలేది 147. అదే ప్యానెల్, అదే ఎండ, కానీ 926 ఎక్కడ, 147 ఎక్కడ? నాలుగో, ఐదో కిలోవాట్ల నుంచి వచ్చేదంతా లైన్‌లోకి పోతుంది, ఆ మిగులు యూనిట్లకు మనకిచ్చే ధర మనం పై శ్లాబులో కట్టే ధర కన్నా చాలా తక్కువ. నెలకు 500 యూనిట్లు, రెండు ఏసీలు ఉన్న ఇల్లయితే ఈ లెక్క వేరు, వాళ్లకు 5 కిలోవాట్లు సరిపోవచ్చు. బాబాయి ఇంట్లో ఉన్నది ఒక్క ఏసీ, అదీ వేసవిలోనే.

యాప్ అబద్ధం చెప్పదు. అది చూపించేది ప్యానెళ్లు ఎంత తయారు చేశాయో అంతవరకే. లైన్‌లోకి ఎంత పోయిందో, లైన్ నుంచి ఎంత తెచ్చుకున్నారో అది నెట్ మీటర్‌లో ఉంటుంది. మా ఇంట్లో ప్రతి నెలా ఒకటో తారీఖున మూడు అంకెలు నోట్‌బుక్‌లో రాస్తాం, ఉత్పత్తి, ఇంపోర్ట్ (లైన్ నుంచి తెచ్చుకున్నది), ఎక్స్‌పోర్ట్ (లైన్‌లోకి పంపింది). ఉత్పత్తికి ఇంపోర్ట్ కలిపి ఎక్స్‌పోర్ట్ తీసేస్తే ఇంటి అసలు వాడకం వస్తుంది. సోలార్ పెట్టిన మొదటి వేసవిలో మా వాడకం నెలకు 70 యూనిట్లు పెరిగిందని ఆ నోట్‌బుక్ వల్లే తెలిసింది, "మన కరెంటే కదా" అని పగలంతా ఏసీ వేశాం మరి. యాప్ ఒక్కటే చూసుకుంటే అది ఎప్పటికీ తెలిసేది కాదు.

బ్యాటరీతో ఆదా రెట్టింపు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది, మెసేజ్‌తో పాటు తిరిగే వీడియో ఆస్ట్రేలియాది. అక్కడ లైన్‌లోకి పంపిన యూనిట్‌కు కొద్ది సెంట్లే ఇస్తారు, రాత్రి కొనుక్కోవాలంటే దానికి ఎన్నో రెట్లు కట్టాలి, పైగా 2025 జూలై నుంచి బ్యాటరీకి అక్కడి కేంద్ర ప్రభుత్వ రాయితీ కూడా ఉంది. అందుకని మెల్‌బోర్న్‌లో మనవాళ్లు బ్యాటరీ పెట్టుకోవడం తెలివైన పనే. మనకు నెట్ మీటరింగ్‌లో పగలు పంపిన యూనిట్ రాత్రి వాడిన యూనిట్‌కు చెల్లు. దాచిపెట్టే పని లైనే ఊరికే చేసిపెడుతుంటే లక్షలు పోసి బ్యాటరీ ఎందుకు? లిథియం బ్యాటరీలో పెట్టి తీసేసరికి పదో వంతు దాకా పోతుంది. రోజుకు 5 యూనిట్లు అలా తిప్పితే నెలకు 15 యూనిట్లు గాలికి పోయినట్టే. బిల్లు తగ్గదు, పెరుగుతుంది.

ఇక లైన్ పోయినా లైట్లు ఆరవన్న మాట. బ్యాటరీ లేని మామూలు సోలార్ ఇన్వర్టర్ లైన్ పోగానే ఆగిపోతుంది, ఆగాలి కూడా, లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది ప్యానెళ్ల కరెంటు తగులుతుంది. దాన్ని ఆగకుండా చేయిస్తామని ఎవరైనా అంటే గుమ్మంలోంచే పంపించేయండి.

ఇక్కడ మాత్రం నేనొకటి ఒప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు అక్క వాళ్లు మేడ మీద ఇరుక్కుపోయారు. వాన తెరిపిచ్చి ఎండ వచ్చింది, ప్యానెళ్లు మెరుస్తున్నాయి, ఇంట్లో ఫోన్ చార్జింగ్‌కు దిక్కు లేదు. పక్క డాబా వాళ్లకు బ్యాటరీ ఉంది. వాళ్లు పొడుగు వైరు లాగి ఇస్తే అక్క ఫోన్ మళ్లీ మోగింది. ఆ రోజు ఆ గొంతు విన్నాక బ్యాటరీ దండగ అని నేను ఎవరితోనూ అనను. ఇంట్లో నెబ్యులైజర్ మీద ఉన్న పెద్దవాళ్లుంటే, కరెంటు కోతలు ఎక్కువైతే పెట్టుకోండి, కానీ దాన్ని ఖర్చుగా రాసుకోండి, ఆదా కాలమ్‌లో కాదు.

బాబాయ్, నీ కిందటి ఏడాది 12 బిల్లులూ ఫొటో తీసి పంపు. ఆదివారం నేనే వస్తాను, నెలవారీగా వేసి చూద్దాం. నా అంచనా నీకు రెండు కిలోవాట్లు చాలని, అయినా బిల్లులు చూశాకే ఖాయం చేద్దాం. అప్పటిదాకా లోన్ కాగితాల మీద సంతకం పెట్టకు.