బటన్లకూ ఘోషా కావాలి

సాఫ్ట్‌వేర్‌లో బటన్లు పట్టపగలు అందరికీ కనబడేలా నిలబడటం మర్యాదస్తుల లక్షణం కాదని డిజైనర్లు తేల్చి చాలా ఏళ్లయింది. అవసరమైనప్పుడు బయటికొస్తాయి, పని కాగానే లోపలికి పోతాయి. అవసరం పడిందని వాటికెలా తెలుస్తుందంటారా? తెలియదు. అవి ఉన్నాయని ముందు మనకే తెలిసుండాలి. ఈ చిన్న మెలిక తప్ప పద్ధతిలో లోపమేమీ లేదు. హిరణ్యకశిపుడు అదృష్టవంతుడు, మొదట కొట్టిన స్తంభంలోనే పనైపోయింది. మనం స్క్రీన్ నాలుగు మూలలూ తట్టి చూసుకోవాలి.

స్క్రోల్‌బార్ సంగతే చూడండి. కుడిపక్కన నిలబడి మూడు కబుర్లు చెప్పేది: కింద ఇంకా ఉందా, ఉంటే ఎంతుంది, మనం ఎక్కడున్నాం. 2011 జులైలో లయన్ అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో యాపిల్ దాన్ని ఘోషాలో పెట్టింది. ట్రాక్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు జరిపితే వస్తుంది, ఆపితే పోతుంది. అంటే కింద ఇంకా ఉందని ముందే తెలిసినవాడికి మాత్రమే, కింద ఇంకా ఉందని చెబుతుంది! తెలంగాణ 33 జిల్లాల జాబితాను ఎనిమిది వరసలు పట్టే పెట్టెలో పెట్టి, ఎనిమిదో వరస అంచున సరిగ్గా కోశారనుకోండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లిషు అక్షరక్రమంలో చిట్టచివరనుండే యాదాద్రి భువనగిరి వాళ్లు తమ జిల్లా రద్దయిందేమోనని కంగారుపడతారు. పెట్టె ఎత్తును ఎనిమిదిన్నర వరసలకు పెడితే, సగం తెగిన అక్షరాలు చూసి ఎవరైనా కిందికి జరుపుతారు. కానీ సగం తెగిన అక్షరం అందంగా ఉండదు కదా. విండోస్ 11లో స్క్రోల్‌బార్ ఎప్పుడూ కనబడాలంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి, విజువల్ ఎఫెక్ట్స్ తెరవాలి. కనబడటమే ప్రత్యేక అవసరమైందన్నమాట.

దాచడానికీ ఓ శాస్త్రముంది. వరస మీదికి మౌస్ వస్తేనే ‘తొలగించు’ బటన్ కనబడాలనుకోండి. ఒపాసిటీని, అంటే చిక్కదనాన్ని, సున్నా చేస్తే బటన్ కనబడదు గానీ అక్కడే ఉంటుంది, నొక్కితే పలుకుతుంది. ఫోన్‌లో ఖాళీ జాగా కదా అని వేలు పెట్టినవాడి ఫైలు గోవిందా. అలా వద్దనుకుంటే, బటన్ అసలు లేనట్టే చేసే ‘డిస్‌ప్లే నన్’ పెట్టండి. జాగా కూడా పోతుంది, మౌస్ రాగానే బటన్ పుట్టుకొచ్చి పక్కవాటిని నెట్టేస్తుంది, మీరు గురిపెట్టింది ఒకటి, నొక్కింది ఇంకొకటి. ట్యాబ్ కొట్టుకుంటూ కీబోర్డు మీద వచ్చేవాడికైతే అది ఈ జన్మకు తగలదు. మెనూకూ దాన్ని తెరిచే బటన్‌కూ మధ్య నాలుగు పిక్సెళ్ల సందు వదిలితే మరీ రసవత్తరం, మౌస్ ఆ సందు దాటేలోపే మెనూ మాయం. ఇక వేలికి నొక్కడమే తప్ప పైన తచ్చాడటం (హోవర్) రాదు కాబట్టి, ఐఫోన్ బ్రౌజర్ చాలాసార్లు మొదటి తాకుడును దర్శనానికీ రెండోదాన్ని పనికీ లెక్కేస్తుంది. (మందు ఉంది, చెప్పడానికే మనసొప్పదు: జాగా ఎప్పుడూ అట్టే ఉంచడం, ట్యాబ్‌తో వచ్చే ఫోకస్ తగిలినా చూపించడం, హోవర్ లేని పరికరాలను ‘మీడియా క్వెరీ’ అనే షరతుతో గుర్తించి వాటిలో అసలు దాచకపోవడం.) వెబ్ అందరికీ అందేలా ఉండాలని 2018లో వచ్చిన మార్గదర్శకాలు, డబ్ల్యూసీఏజీ 2.1 అయితే, హోవర్‌తో తెరుచుకున్నది మౌస్ దానిమీదికి వెళ్లినా ఉండాలనీ, మౌస్ కదపకుండానే మూయగలగాలనీ, దానంతటది మాయం కాకూడదనీ షరతులు పెట్టింది. ఛాదస్తం!

వీడియో ప్లేయర్ ఒక్కటే న్యాయంగా దాస్తుంది. బటన్ల కింద బొమ్మ ఉంది, ఎక్కడ తాకినా అన్నీ తిరిగొస్తాయి. ఇంత తేలిగ్గా దొరికేదాన్ని దాచడమని ఎవరంటారు?

సిసలైన కళ సైగల్లో ఉంది. 2009 నుంచి ఐఫోన్‌లో టైపు చేసిన తప్పు వెనక్కి తీసుకోవాలంటే పూనకం వచ్చినట్టు ఫోన్‌ను ఊపాలి. 2019లో దానికి తోడు మూడువేళ్లతో ఎడమకు తోసే విద్య వచ్చింది. రెండింటికీ తెరమీద గుర్తేమీ లేదు, గురుముఖతః నేర్వాల్సిందే. గురువుగారు సాధారణంగా మూడో తరగతి చదువుతుంటారు. అదే ఏడు ఆండ్రాయిడ్ 10లో స్క్రీన్ అంచు నుంచి లోపలికి లాగితే ‘వెనక్కి’ అయింది. అప్పటికే చాలా యాప్‌లు తమ మెనూను ఎడమ అంచులో దాచుకుని ఉన్నాయి. ఒకే గోడకు రెండు రహస్య ద్వారాలు! మెనూ కావాలని లాగినవాడు యాప్ లోంచే బయటపడ్డాడు. ఈ సైగ మాదేనని యాప్‌లు కబ్జా పెట్టుకోవడానికి గూగుల్ అంచుకు 200 డీపీల (ఆండ్రాయిడ్ వాడే తెర కొలత) ఎత్తు మాత్రం కేటాయించింది.

కంప్యూటర్ ఆపడమూ ఇప్పుడు సాధన మీదే. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌నే ఎత్తేసింది. మౌస్‌ను కుడి మూలకు తోసి, జారొచ్చిన పట్టీలో సెట్టింగ్స్, దాన్లో పవర్, దాన్లో షట్ డౌన్. రెండు మానిటర్లుంటే ఆ మూల దగ్గర మౌస్ పక్క స్క్రీన్‌లోకి జారిపోయేది. ఏడాది తిరిగేసరికి 8.1లో బటన్ మళ్లీ ప్రత్యక్షమైంది, జనానికి ఓపిక లేకపోబట్టి. ఐఫోన్ వాళ్లు మాత్రం వెనక్కి తగ్గలేదు. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్ (X) తరహా ఫోన్లను బటన్లతో ఆపాలంటే పక్క బటన్‌ను, వాల్యూమ్ బటన్‌ను కలిపి పట్టుకోవాలి. పక్కది ఒక్కటే పట్టుకుంటే ఫోన్ ఆగదు సరికదా, మాటలు వినే సహాయకురాలు సిరి నిద్రలేస్తుంది.