నాలుగు టైటిళ్ల కన్నా ఆ పన్నెండేళ్లే ముఖ్యం

2025 జూన్‌లో అమెరికాలోని ఓక్లహోమా యూనివర్సిటీ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) జట్టు జాతీయ టోర్నీ సెమీఫైనల్లో టెక్సస్ టెక్ చేతిలో 3-2తో ఓడిపోయింది. చివరిదైన ఏడో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ (కంచె దాటించే షాట్) కొట్టి స్కోరు సమం చేసి, అదే ఇన్నింగ్స్ రెండో సగంలో, ప్రత్యర్థి బ్యాటింగ్‌కి దిగినప్పుడు, మ్యాచ్ వదులుకుంది. వరసగా నాలుగేళ్లు జాతీయ ఛాంపియన్లుగా నిలిచిన జట్టు ఆ మెట్టు మీద ఆగిపోవడంతో, హెడ్ కోచ్ ప్యాటీ గాసో శకం ముగిసిందన్న మాటలు మొదలయ్యాయి. నాకైతే ఆమె కెరీర్‌లో బాగా పనిచేసిన సీజన్లలో అదీ ఒకటి అనిపిస్తుంది. ఎందుకంటే కాలేజీ కోచ్‌ని కప్పులతో కొలవడంలోనే ఒక తిరకాసు ఉంది.

కాలేజీ జట్టు ఎప్పుడూ ఒకేలా ఉండదు. అమ్మాయి పద్దెనిమిదేళ్లకు వస్తుంది, నాలుగు సీజన్లు ఆడుతుంది, వెళ్లిపోతుంది. క్లబ్ జట్టులా పదేళ్లు ఒకే స్టార్‌ని నమ్ముకునే వీలు లేదు. ఎంత గొప్ప జట్టు కట్టినా నాలుగేళ్లలో అది చెదిరిపోతుంది, మళ్లీ మొదటి నుంచి కట్టాలి. గాసో ఈ పని 1995 సీజన్ నుంచి చేస్తున్నారు. ఈ మధ్యలో కొవిడ్ వల్ల రద్దయిన 2020ని పక్కన పెడితే, అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ జరిపే జాతీయ టోర్నీకి ఆమె జట్టు వెళ్లని ఏడాది లేదు. నాలుగు వరస టైటిళ్లను అందరూ గుర్తుపెట్టుకుంటారు గానీ, నా దృష్టిలో ఈ లెక్కే పెద్దది.

ఆమెది లాస్ ఏంజెలెస్. ఆటగత్తెగా లాంగ్ బీచ్ స్టేట్ యూనివర్సిటీ దాకా వెళ్లారు. ఆ తర్వాత లాంగ్ బీచ్ సిటీ కాలేజీలో 1990 నుంచి 1994 వరకు కోచ్‌గా చేశారు. అది అమెరికా లెక్కలో రెండేళ్ల జూనియర్ కాలేజీ, మన ఇంటర్ కాలేజీ లాంటిది కాదు. అక్కడి నుంచి ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్ వచ్చేసరికి యూనివర్సిటీ జట్టుకి సొంత మైదానమే లేదు. రీవ్స్ పార్క్ అనే మున్సిపల్ పార్కులో ఆడేవారు. ఊళ్లో సరదాకి ఆడుకునే లీగ్ జట్లు వాడే మైదానమే వీళ్లకీ దిక్కు. అదే యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకేమో వేలాదిమంది పట్టే స్టేడియం ఉంది. చదువులోనూ ఆటల్లోనూ ఆడపిల్లలకు సమాన అవకాశాలు ఇవ్వాలన్న టైటిల్ నైన్ చట్టం 1972లోనే వచ్చింది. చట్టం వచ్చిన పాతికేళ్లకు, 1998లో, ఈ జట్టుకి సొంత మైదానం దొరికింది. దానికి యూనివర్సిటీ పాత కోచ్ మరీటా హైన్స్ పేరు పెట్టారు.

రెండేళ్లు తిరక్కుండానే, 2000లో, యూసీఎల్‌ఏని (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీని) 3-1తో ఓడించి తొలి టైటిల్ తెచ్చారు. ఈ గెలుపు ఎంత పెద్దదో అర్థం కావాలంటే అంతకుముందు చరిత్ర చూడాలి. ఎన్‌సీఏఏ 1982లో ఈ టోర్నీ మొదలుపెట్టినప్పటి నుంచి 1999 దాకా ఛాంపియన్లు కాలిఫోర్నియా వాళ్లు, లేకపోతే అరిజోనా వాళ్లు. బయటి నుంచి గెలిచింది టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఒక్కటే. ఏడాది పొడుగునా ఎండ ఉండే చోట చిన్నప్పటి నుంచి ఆడతారు కాబట్టి ఈ ఆట అక్కడి సొత్తు అనుకునేవారు. గాసో అక్కడి మనిషే. ఆ పిల్లలెవరో, వాళ్లని తయారుచేసే కోచ్‌లెవరో ఆమెకు తెలుసు. కాలిఫోర్నియా పిల్లల్ని ఓక్లహోమా గాలివానల మధ్యకు రప్పించడమే ఆమె మొదటి విజయం.

ఆ తర్వాత పన్నెండు సీజన్లు కప్పు లేదు. 2005 నుంచి 2010 వరకు చివరి ఎనిమిది జట్లు తలపడే విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్‌కే చేరలేదు. 2012 ఫైనల్లో అలబామా చేతిలో ఓడారు. అమెరికన్ కాలేజీ క్రీడల్లో మూడు నాలుగు సీజన్లు ఫలితం రాకపోతే కోచ్ మూట సర్దుకోవాల్సిందే. అప్పట్లో యూనివర్సిటీ ఓపిక పట్టిందని ఇప్పుడు పొగుడుతారు. ఈ ఓపికలో కొంత నిర్లక్ష్యం కూడా ఉందని నా అనుమానం. అమ్మాయిల సాఫ్ట్‌బాల్ మీద అప్పుడు డబ్బూ టీవీ కెమెరాలూ ఇప్పటిలా లేవు, కాబట్టి ఓడినా అడిగేవాళ్లు తక్కువ. ఏదేమైనా ఆమెకు దొరికింది టైమ్. దాన్ని ఆమె వాడుకున్నారు.

ఎలా వాడుకున్నారన్నదే అసలు కథ. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ 43 అడుగుల దూరం నుంచి బంతిని చేతి కింది నుంచి విసురుతుంది. ఇలా విసిరితే భుజం అలసిపోదన్న నమ్మకం ఒకటి చాలాకాలం నడిచింది. అందుకే ఒక గొప్ప పిచర్ దొరికితే చాలు, రోజూ ఆమెనే దించేవారు. కప్పు గెలిస్తే ఆమె వల్ల, ఓడితే ఆమె చెయ్యి అలసిపోవడం వల్ల. గాసో కూడా ఆ బడిలోనే పెరిగారు. కానీ 2013 ఫైనల్ చూడండి. మూడింట్లో రెండు గెలిస్తే కప్పు. టెనెసీతో మొదటి మ్యాచ్ ఏడు ఇన్నింగ్స్‌లో తేలక 12 దాకా సాగింది. అప్పటికి దేశంలోనే మేటి ప్లేయర్ అయిన కీలానీ రికెట్స్ పిచింగ్ చేసి గెలిపించింది. మర్నాడు కప్పు తేల్చే అవకాశమున్న మ్యాచ్‌లో ఆమెను కాదని మిషెల్ గాస్కోయిన్‌కి బంతి ఇచ్చారు. గాస్కోయిన్ ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. బ్యాట్ పట్టిన రికెట్స్ ఓక్లహోమా చేసిన నాలుగు రన్స్‌నీ తానే రాబట్టింది. 4-0. స్టార్‌ని పక్కన పెట్టకుండానే ఆమె భారం తగ్గించడం అంటే ఇదీ. ఆ తర్వాత ఆమె జట్లలో ఇదే పద్ధతైంది. 2023 నాటికి జోర్డీ బాల్, నికోల్ మే, అలెక్స్ స్టొరాకో అని ముగ్గురు పిచర్లు. వేరే ఏ జట్టులోనైనా ముగ్గురూ ఎవరికి వారే మొదటి పిచర్లయ్యేవారు.

రెండో మార్పు బ్యాటింగ్‌లో. ఒకప్పుడు ఈ ఆటలో బంతిని మెల్లగా తట్టి బేస్‌కి పరుగెత్తడం, ఒకటీ రెండూ రన్స్‌తో గెలవడం మామూలు. ఓక్లహోమా పిల్లలు కంచె దాటించడం మొదలుపెట్టారు. 2021లో జట్టు మొత్తం కొట్టిన హోమ్ రన్స్ 161, అప్పటికి అదే జాతీయ రికార్డు. హవాయి నుంచి వచ్చిన జోసెలిన్ అలో 122 హోమ్ రన్స్‌తో కెరీర్ రికార్డు నెలకొల్పింది. అంతకుముందు 95తో ఆ రికార్డు ఎవరిదంటే, అదే ఓక్లహోమాకి ఆడిన లారెన్ చాంబర్లెయిన్‌ది. బ్యాటింగ్ కోచ్ ఎవరో కాదు, గాసో కొడుకు జేటీ గాసో. చుట్టరికం కాబట్టి సణుగుళ్లు ఉండొచ్చు. కానీ అతని పని స్కోరుబోర్డు మీద కనిపించింది.

2021 నుంచి 2024 వరకు వరస టైటిళ్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అంతకుముందు వరసగా మూడు గెలిచింది యూసీఎల్‌ఏ, 1988 నుంచి 1990 వరకు. నాలుగు ఎవరూ గెలవలేదు. 2023లో 61 గెలుపులు, ఒకే ఒక్క ఓటమి. ఆ ఓటమి తర్వాత మొదలైన గెలుపుల వరస 71 మ్యాచ్‌ల దాకా సాగింది. పాత రికార్డు అరిజోనాది, 47. అయితే ఇది నల్లేరు మీద బండి నడక మాత్రం కాదు. 2021 వరల్డ్ సిరీస్ తొలి మ్యాచ్‌లోనే ఎవరూ పెద్దగా లెక్కచేయని జేమ్స్ మాడిసన్ చేతిలో ఓడి, ఇంకొకటి ఓడితే ఇంటికే అన్న స్థితి నుంచి పైకి వచ్చారు. 2023లో క్లెమ్సన్‌తో ఏడో ఇన్నింగ్స్‌లో మూడు రన్స్ వెనకబడి ఉండగా కిన్జీ హాన్సెన్ హోమ్ రన్ కొట్టకపోతే కథ వేరేగా ఉండేది.

విమర్శకులు చెప్పే మాట ఒకటుంది. వరల్డ్ సిరీస్ జరిగే ఓక్లహోమా సిటీ నార్మన్‌కి కారులో అరగంట దూరం. స్టాండ్స్ నిండా వీళ్ల అభిమానులే. దానికి తోడు 2024 మార్చిలో దాదాపు 4.8 కోట్ల డాలర్లతో లవ్స్ ఫీల్డ్ అనే కొత్త స్టేడియం. ఇన్ని ఉంటే ఎవరైనా గెలుస్తారు అంటారు. పూర్తిగా కొట్టిపారేయను, సొంత జనం ముందు ఆడటం లాభమే. కానీ అదే రాష్ట్రంలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీకీ ఆ ఊరు దగ్గరే. వాళ్లకి ఇప్పటిదాకా ఎన్‌సీఏఏ సాఫ్ట్‌బాల్ టైటిల్ ఒక్కటీ లేదు. ఇక స్టేడియం సంగతి. అది గెలుపులు తెచ్చిపెట్టిన స్టేడియం. ముందు స్టేడియం, తర్వాత గెలుపులు కాదు. పైగా అది తెరిచిన మూడో రోజునే లూసియానా జట్టు వచ్చి 71 మ్యాచ్‌ల వరసకి తెరదించింది.

నాకు అంతకన్నా గట్టిగా అనిపించే విమర్శ ఇంకోటి ఉంది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్. ఇప్పుడు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారడం సులువైంది, దాన్ని గాసో అంత బాగా వాడుకున్నవాళ్లు తక్కువ. 2021లో కప్పు తెచ్చిన పిచర్ జిసెల్ వారెజ్ అరిజోనా స్టేట్ నుంచి వచ్చింది. స్టొరాకో మిషిగన్ నుంచి. 2024 హీరో కెల్లీ మాక్స్‌వెల్ అయితే పక్కనే ఉన్న బద్ధ ప్రత్యర్థి ఓక్లహోమా స్టేట్ నుంచే. ఆ 71 వరసని ఆపిన లూసియానా జట్టు ముఖ్య పిచర్ శామ్ లాండ్రీ మరుసటి ఏడాది ఓక్లహోమా జెర్సీ వేసుకుంది. ఇదే దారి వెనక్కీ పనిచేస్తుంది. 2023లో కప్పు గెలిచిన వెంటనే జోర్డీ బాల్ సొంత రాష్ట్రం నెబ్రాస్కాకి వెళ్లిపోయింది. మన పుల్లెల గోపీచంద్ అకాడమీ నుంచి 2014లో సైనా నెహ్వాల్ బెంగళూరు వెళ్లినప్పుడు ఇక్కడ ఎంత చర్చ జరిగిందో గుర్తుందిగా. అక్కడ అలాంటివి ఇప్పుడు ఏటా డజన్ల కొద్దీ. టెక్సస్ టెక్ పది లక్షల డాలర్ల ఒప్పందంతో పిచర్ నైజరీ కనాడీని రప్పించిందని ఓక్లహోమా అభిమానులు వాపోతే నాకు నవ్వొస్తుంది. తమ జట్టులో సగం మంది పిచర్లు ఎక్కడి నుంచి వచ్చారో ఒకసారి చూసుకోవాలి.

2025 సీజన్‌ని ఈ వెలుగులో చూడాలి. టియారే జెన్నింగ్స్, జేడా కోల్మన్, కిన్జీ హాన్సెన్... నాలుగు కప్పులూ గెలిచిన తరం మొత్తం ఒకేసారి వెళ్లిపోయింది. ఆ సీజన్‌తోనే, యూనివర్సిటీల లీగ్ అయిన బిగ్ 12 కాన్ఫరెన్స్ వదిలి, అంతకన్నా కఠినమైన ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌లో ఆడటం మొదలుపెట్టారు. కొత్త పిల్లలతో, కొత్త లీగ్‌లో, మొదటి ప్రయత్నంలోనే రెగ్యులర్ సీజన్ టైటిల్ గెలిచారు. 52 గెలుపులు, 9 ఓటములు. వరల్డ్ సిరీస్ తొలి మ్యాచ్‌లో ఎల్లా పార్కర్ ఆఖర్లో కొట్టిన హోమ్ రన్‌తో టెనెసీని 4-3తో ఓడించారు. చివరికి ఆపింది ఎవరంటే, కనాడీ ఉన్న జట్టే. దీన్ని పతనం అంటే, మిగతా కోచ్‌లందరూ ఇలాంటి పతనం కోసం మొక్కుకోవాలి.

మన దగ్గర ఈ ఆట అనాథేమీ కాదు. అనంతపురంలో ఆర్డీటీ స్పోర్ట్స్ అకాడమీ పల్లెటూరి ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతోంది. స్కూల్ గేమ్స్‌లో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జట్లు దిగుతాయి. కానీ ఎక్కువ కాలేజీల్లో కబడ్డీకీ ఖోఖోకీ సాఫ్ట్‌బాల్‌కీ కలిపి ఒకే పీడీ. పిచింగ్‌కి ఒక కోచ్, బ్యాటింగ్‌కి ఒక కోచ్ అన్న మాటే దూరం. పోటీలకి నెల ముందు జట్టు పుడుతుంది, అవి అయ్యాక రద్దవుతుంది.

గాసోకి అరవై దాటాయి. ఎనిమిది టైటిళ్లున్నాయి. ఆమె తర్వాత ఎవరన్న ప్రశ్నకి చాలామంది జేటీ పేరే చెబుతారు. బ్యాట్ పట్టించడం అతనికి బాగా వచ్చు, అది తేలిపోయింది. కానీ అమ్మ చేసిన కష్టమైన పని అది కాదు. పదిహేడేళ్ల పిల్ల ఇంట్లో కూర్చుని, వాళ్ల అమ్మానాన్నల్ని ఒప్పించి ఊరుకాని ఊరికి తీసుకురావడం, తీసుకొచ్చాక ఆమెను బెంచ్ మీద కూర్చోబెట్టినా వెళ్లిపోకుండా చూసుకోవడం. ఇప్పుడైతే వెళ్లడానికి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది, అవతల చెక్కు పట్టుకుని నిలబడ్డవాళ్లూ ఉన్నారు. జేటీకి పగ్గాలిస్తే అతనికీ ఓ పన్నెండేళ్లు ఓపిక పడతారా? ఇప్పుడున్న డబ్బూ టీవీ లెక్కల్లో నాకైతే మూడేళ్లు కూడా ఇస్తారన్న నమ్మకం లేదు.