మూకీ సినిమాకి ఫుల్ వాల్యూమ్

మొన్న ఆదివారం మా ఇంట్లో సినిమా వేశాం. అప్పట్నుంచి లిఫ్టు దగ్గర ఎవరన్నా నిలబడి ఉంటే నేను మెట్లెక్కి పోతున్నాను. మాది నాలుగో అంతస్తు.

మా మామయ్యగారు రైల్వేలో చేశారు. ఫైర్‌మాన్‌గా చేరి, బొగ్గు వేసి వేసి, డ్రైవరై, రిటైరయ్యారు. మన దేశంలో బ్రాడ్‌గేజీ మీద మామూలు బండ్లకి స్టీమ్ ఇంజన్లు 1995లోనే ఆగిపోయాయంటారు గానీ, సత్యనారాయణపురంలో మా హాల్లో ఒకటి ఇంకా నడుస్తూనే ఉంది. రోజూ సాయంత్రం కాఫీ అవగానే బెజవాడలో బయల్దేరి, గూడూరు దాకా వెళ్లి, భోజనాల వేళకి తిరిగొస్తుంది. ఆ బండి ఎక్కీ ఎక్కీ నేను అలిసిపోయాను. ఈయనకి నిజంగానే ఒక రైలు సినిమా చూపిస్తే ఒక్క పూటన్నా కలిసొస్తుందనుకున్నాను.

యూట్యూబులో పెడితే ఇంజను కదిలే లోపు బంగారం తాకట్టు వాళ్లొస్తారు. అందుకని ఏ ప్రకటనా లేకుండా కంప్యూటర్లోకే దించుకుందామని 'ది జనరల్' వెతికాను. 1926లో బస్టర్ కీటన్ తీసింది. హీరో ఇంజను డ్రైవరు, సినిమా పేరు ఇంజను పేరు. మూకీ. మామయ్యగారి కోసమే తీసిపెట్టారా అనిపించింది.

"ఫ్రీగా వస్తుందా? దొంగ ప్రింటు కాదు కదా?" అన్నారు మా ఆయన. కొత్త సినిమా రిలీజైన రాత్రే ఫోన్లోకి దించుకునే మనిషి.

దొంగది కాదు. నేను చదువుకునే దిగాను. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. సినిమా విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్లు లెక్కపెట్టుకోవాలి, ఆ తర్వాత సినిమా అందరిదీ. మొదట్లో 50 ఏళ్లే ఉండేది. రవీంద్రనాథ్ టాగూర్ రచనల గడువు 1991తో అయిపోతుంటే 1992లో ఇంకో పదేళ్లు కలిపారు. అయితే మన పాత తెలుగు సినిమాల్లో ఒక మెలిక ఉంది. సినిమాకి గడువు తీరినా, అందులో పాట రాసినాయన పోయి 60 ఏళ్లు కాకపోతే సాహిత్యం హక్కు బతికే ఉంటుంది. ఈ తంటా లేకుండా పాటా మాటా లేని సినిమా తీసుకున్నాను. అక్కడా ఇంకో మెలిక. సినిమా పాతదే గానీ, దానికి ఈమధ్య ఎవరో కొత్తగా కట్టిన సంగీతం వాళ్లదే అవుతుందట. సరే, అదీ వద్దని సంగీతం కూడా లేని ఫైలు ఏరుకున్నాను. ఇంత న్యాయంగా సినిమా దించుకున్న మనిషి బెజవాడలో ఇంకొకరు ఉండరు. జరిగిందంతా ఆ న్యాయం వల్లే జరిగింది.

దించుకోవడం పెద్ద పనేం కాదు. 1996 నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ అని ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లది. పేజీలో ఒక పక్కన డౌన్‌లోడ్ రకాలన్నీ జాబితాగా ఉంటాయి, ఎంపీఫోర్ అన్నచోట నొక్కితే వచ్చేస్తుంది. మాకు మాత్రం రాత్రంతా పట్టింది. నెట్టు ఆఫీసు కుర్రాడికి ఫోన్ చేస్తే "మేడం, లైన్ క్లియర్‌గానే ఉంది, మీ ఫైలే బరువు" అన్నాడు.

ఇక్కడ మా ఆయన రంగంలోకి దిగారు. ఇంకెక్కడో ఇదే సినిమా హెచ్‌డీలో ఉందట. ఆ పేజీలో నాలుగు డౌన్‌లోడ్ బటన్లున్నాయి. నాలుగూ పచ్చగా, గుండ్రంగా, నన్ను నొక్కు నన్ను నొక్కు అని మిణుకుతున్నాయి. అసలు లింకు అడుగున బూడిదరంగు అక్షరాల్లో, వాయిదాల కాగితం చివర షరతులు వేసే సైజులో ఉంది. ఈయన పచ్చది నొక్కారు. 'మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి' అని వచ్చింది. తాను రోబో కాదని నిరూపించుకున్నారు. సినిమా రాలేదు. ఆ పేజీ మూసేసి, నాకు చెప్పకుండా నిద్రపోయారు.

ఆదివారం సాయంత్రానికి జనం పోగయ్యారు. నేను పిలిచింది ఇద్దర్ని. మామయ్యగారు పిలిచింది అపార్ట్‌మెంటుని. రైల్వే స్నేహితులు, కింద వాచ్‌మన్ భార్య, పక్క ఫ్లాటు బామ్మగారు, అసోసియేషన్ సెక్రటరీ గారు. మూకీల్లో మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి చూపిస్తారు కదా, అవి చదివి తెలుగులో చెప్పడానికి రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ గారిని ప్రత్యేకంగా రప్పించారు. ఆయన సొంత కుర్చీ తెచ్చుకుని టీవీ పక్కన వేసుకున్నారు. 1921లోనే మారుతి టాకీస్ కట్టుకున్న ఊరండీ ఇది, మూకీ చూడటం మనకి కొత్తా అని ఒక ముందుమాట కూడా చెప్పారు.

కంప్యూటర్‌ని టీవీకి తగిలించాం. బొమ్మ పడింది. శబ్దం లేదు.

"సౌండ్ రావట్లా," అన్నారు వెనకనుంచి. ఉండదండీ, మూకీ అన్నాను. "ఎంత మూకీ అయినా మ్యూజిక్కన్నా ఉండాలిగా," అన్నారు సెక్రటరీ గారు. కాపీరైటు సంగతి చెప్పబోయాను, ఎవరూ వినలేదు. మా ఆయన లేచి స్పీకరు గుబ్బ కాస్త తిప్పారు. కాసేపాగి రైల్వే స్నేహితుల్లో ఒకాయన ఇంకాస్త తిప్పారు. వాచ్‌మన్ కొడుకు వచ్చి కంప్యూటర్లో కూడా వంద చేసి పోయాడు. అలా వచ్చినవాళ్లందరూ తలో చెయ్యీ వేసి, లేని శబ్దాన్ని పెంచారు.

సినిమా మాత్రం అద్భుతంగా నడుస్తోంది. కీటన్ దిగాలుగా ఇంజను చక్రాల రాడ్ మీద కూర్చుంటాడు, బండి కదిలిపోతుంది, రాడ్‌తో పాటు ఆయన పైకీ కిందకీ. అది చూసి మామయ్యగారు లేచి నిలబడ్డారు. "చక్రం ఒక్కసారి జారి తిరిగిందంటే మనిషి ఉండడు! ఎవడ్రా ఇతన్ని కూర్చోనిచ్చింది?" లెక్చరర్ గారు చదువుతున్నారు, బామ్మగారు తల ఊపుతున్నారు. గంట దాటింది. వంతెన వచ్చింది. కాలుతున్న వంతెన మీదికి నిజం ఇంజన్ని పంపి నదిలో పడేశారు వాళ్లు. బొమ్మ ఇంజను కాదు. ఆరెగన్‌లో తీశారు, ఒక్కసారే తీశారు, ఆ ఇనుము రెండో ప్రపంచయుద్ధం దాకా నదిలోనే పడి ఉంది. ఈ కథ మామయ్యగారికి ముందే చెప్పి ఉంచాను. "కాషన్ ఆర్డర్ ఇవ్వకుండా బ్రిడ్జి మీదికి బండి ఎట్టా పోనిస్తార్రా!" అని ఆయన ముందుకి వంగారు. ఇంజను వంతెన ఎక్కింది.

తెర మూలన చిన్న పెట్టె లేచింది. ఏదో వైరస్ అని. "ఉండండి, తీసేస్తా," అని మా ఆయన దాని మీద నొక్కారు.

తెర మొత్తం ఎర్రబడింది. స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు. వంద మీద వంద. కిటికీ అద్దాలు అదిరాయి, బామ్మగారి చేతిలో కారప్పూస ఎగిరింది. మన స్టేషన్లో బండి రెండు గంటలు ఆలస్యమని చెప్పే అమ్మాయి లాగా ఆ గొంతులో ఎంత మర్యాదో, జాలి అంత తక్కువ. రైల్వే వాళ్లు నలుగురూ అలవాటుగా చెవి ఒగ్గి విన్నారు. "ఏ బండి లేటంట?" అన్నారు బామ్మగారు.

ఎవరన్నా కంగారు పడాలి కదా. పడలేదు. ఎందుకంటే లెక్చరర్ గారు అప్పగించిన పనిలోనే ఉన్నారు. సినిమాలో భాగమనుకున్నారో, విధి విధే అనుకున్నారో, చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టి మొదలుపెట్టారు. "ముఖ్యమైన హెచ్చరిక అంటోంది. ఈ కంప్యూటర్‌కి తాళం పడిందట. ఈ ఇంటివాళ్లకి తెలియకుండా ఎవరో ఈ చిరునామా మీద..." ఆగారు. తెర మీది అక్షరాలు కళ్లద్దాలు సర్దుకుని చదివారు. గొంతు తగ్గించారు. గొంతు తగ్గించినా, ఆవిడకంటే గట్టిగా చెప్తే తప్ప వినపడదు కాబట్టి మళ్లీ పెంచారు. "చూడకూడని చోట్లకి వెళ్లారట! ఏదో అశ్లీలమైన సరుకు లోపలికి చేరిందట!"

హాల్లో తలలన్నీ మా ఆయన వైపు తిరిగాయి. ఒక్క అత్తయ్యగారి తల నా వైపు తిరిగింది.

మా ఆయన మౌసు తిప్పుతున్నారు. బాణం గుర్తు మాయం. కీబోర్డు మీద ఏది కొట్టినా ఆవిడ మళ్లీ మొదట్నుంచి చెప్పడమే. లెక్చరర్ గారు కూడా మళ్లీ మొదట్నుంచి చెప్పడమే, పైగా రెండోసారి ఇంకాస్త చక్కటి తెలుగులో. సెక్రటరీ గారు 1930కి ఫోన్ చేద్దామన్నారు, సైబర్ పోలీసులది. వాచ్‌మన్ భార్య తెర మీది నంబరు ఫోన్లో కొడుతోంది, నేను లాక్కున్నాను. కింది అంతస్తుల్లో తలుపులు తెరుచుకుంటున్నాయి. "కంప్యూటర్ ఆపొద్దంటోంది," అన్నారు లెక్చరర్ గారు, "ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దట."

మామయ్యగారు లేచారు. ఎర్ర లైటు పడ్డాక బండి ఆపొద్దనే మాట సర్వీసులో ఎన్నడూ వినలేదాయన. నేరుగా వరండాలోకి వెళ్లి మెయిన్ దించేశారు.

ఫ్యాను ఆగింది, దీపం పోయింది, టీవీ నల్లబడింది. ఆవిడ ఆగలేదు. కంప్యూటర్ వైరూ స్పీకర్ల వైరూ యూపీఎస్‌కి పెట్టి ఉన్నాయి. కరెంటు పోయినప్పుడల్లా పని పాడవుతోందని నేనే పోరి మొన్ననే కొత్త బ్యాటరీ వేయించాను. మా ఇంట్లో గ్యారంటీ ప్రకారం పనిచేస్తున్న వస్తువు అదొక్కటే. కటిక చీకట్లో యూపీఎస్ కీ కీ మంటోంది, అమ్మాయి హెచ్చరిస్తోంది, లెక్చరర్ గారు, తెర లేకపోయినా ఇప్పటికి కంఠతా వచ్చేసింది కాబట్టి, చెప్తున్నారు. చివరికి వాళ్లావిడే ఏమీ మాట్లాడకుండా బల్ల కిందకి వంగి యూపీఎస్ బటన్ నొక్కారు. ఆవిడకి బాగా అలవాటున్న పనిలా నొక్కారు.

తర్వాత చూస్తే అది వైరసూ కాదు, తాళమూ కాదు. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్లలోకి వెళ్లి ఆ పచ్చబటన్ల సైటు పేరు తీసేస్తే పోయింది. ఆవిడెవరో ఎక్కడో రికార్డయిన గొంతు, ఆ నంబరుకి ఫోన్ చేసేవాళ్ల కోసం ఎవరో కూర్చుని ఉంటారు, అంతే.

సోమవారం పొద్దున్నే అపార్ట్‌మెంటు గ్రూపులో సెక్రటరీ గారి సందేశం. 'ఫ్లాట్లలో దొంగ సినిమాలు, ఇతరత్రా దృశ్యాలు డౌన్‌లోడ్ చేయరాదని మనవి.' ఇతరత్రా! నేను చట్టం, 60 ఏళ్లు, టాగూరు, కొత్త సంగీతం, అన్నీ వివరంగా రాసి పెట్టాను. దాని కింద ఆయన ఒక దణ్ణం బొమ్మ పెట్టారు. మామయ్యగారు, 'వంతెన మీద బండి ఏమైందో ఎవరైనా చెప్పగలరు' అని పెట్టారు. దానికి పదిమంది జవాబిచ్చారు. మొదటి సందేశం మాత్రం ఎవరూ తీయలేదు.