చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజీ గారికి

మహారాజశ్రీ ఫార్వర్డ్ మెసేజీ గారి సముఖానికి తిరుపతి నుంచి రాసుకుంటున్న విన్నపం.

మా కుటుంబ గ్రూపులో సుప్రభాతం కంటే ముందు లేచేది తమరే. అలిపిరి మెట్లదారిలో చిరుత లేని రోజున కూడా తమరు చూపించగలరు. ఏ రాష్ట్రంలోదో పాత వీడియో, పైన ‘ఇప్పుడే, జాగ్రత్త’ అని ఒక ముక్క, అంతే. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఫలానా లింకులో ఉన్నాయని తమరు సెలవిస్తారు. నకిలీ వెబ్‌సైట్లను నమ్మొద్దని దేవస్థానం వారు మళ్లీ ప్రకటన ఇచ్చుకుంటారు. ఎంత ఓపికో వాళ్లకి!

అన్నీ నవ్వులాటలు కావు లెండి. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా దిగిందని 2018 వేసవిలో తెలుగు రాష్ట్రాల్లో ఊళ్లు చుట్టొచ్చారు. ఏ పాపం ఎరగనివాళ్లు దెబ్బలకు చచ్చిపోయారు. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో తమరిని ఒకసారికి ఐదు చాట్లకే కట్టేసింది. తమరేం నొచ్చుకోలేదు. ఐదుగురికి వెళ్తే, వాళ్లు తలా ఐదుగురికి. లెక్కలు మాకూ వచ్చు.

ఇంతకీ అసలు సంగతి. మా వీధి ఇంటర్ పిల్లలు తమరి మీద వీడియో గేమ్ తయారు చేస్తున్నారు.

ఇది కొత్త విద్యేం కాదు. 2018లోనే కేంబ్రిడ్జి పరిశోధకులు, నెదర్లాండ్స్‌లోని డ్రోగ్ సంస్థ కలిసి ‘బ్యాడ్ న్యూస్’ అనే ఆట తెచ్చారు. అందులో ఆడేవాడే అబద్ధాలు పుట్టించాలి. వేరొకరి వేషం కట్టడం, భయపెట్టడం, జనాన్ని చీల్చడం, కుట్ర కథ అల్లడం, నిలదీసినవాడి పరువు తీయడం, ట్రోలింగ్. ఆరు విద్యలకు ఆరు బ్యాడ్జీలు. పలచన చేసిన అబద్ధాన్ని ముందే రుచి చూపిస్తే అసలుది వచ్చినప్పుడు మనసు తట్టుకుంటుందన్నది దాని వెనక సూత్రం. టీకా లాగే. విలియం మెక్‌గైర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలోనే చెప్పాడు.

తమరికొక శుభవార్త. ఆ పద్ధతిలోనే వాట్సాప్ తీరున చేసిన ఆటను మన దేశంలో పరీక్షిస్తే పెద్దగా పనిచేయలేదని 2023లో పరిశోధకులే రాశారు. పాలు పొంగించుకోండి.

కానీ మావాళ్లు ఆడి ఊరుకోవడం లేదు, తయారు చేస్తున్నారు. తమరికి టెన్షన్ ఉండాల్సింది అక్కడ. స్క్రాచ్ అనే, పిల్లలు గేములు తయారు చేసుకునే ప్రోగ్రాంలో ‘అడ్మిన్ మామ’ అని ఒక బొమ్మ గీశారు. మామ ఎంతమందిని నమ్మిస్తే అన్ని పాయింట్లు. నమ్మించాలంటే మెసేజీ రాయాలి కదా, దానికోసం పొద్దుగూకే దాకా కొట్లాట. ‘ఒక డాక్టరు’ అంటే చాలదు, ‘చెన్నై పెద్దాసుపత్రి డాక్టరు’ అనాలట. తేదీ పీకేస్తే రెండేళ్ల నాటి వీడియో కూడా తాజాగా ఉంటుందట. ‘మీ పిల్లలుంటే వెంటనే పంపండి అని చివర్లో పెట్టు, మా జేజి చదవకుండానే పంపేస్తుంది’ అంది ఒక పిల్ల. తమరి వంటగుట్టు మొత్తం ఇప్పుడు పదహారేళ్ల వాళ్ల చేతిలో ఉంది. నాకు ఆట కంటే ఆ కొట్లాటే ముచ్చటగా ఉంది.

ఇళ్లలో మాత్రం చీవాట్లే. ఈఏపీసెట్ పక్కన పెట్టి గేములా అని. ఒక నాయన ఇంకో అడుగు ముందుకేసి, ‘వీడియో గేములతో మెదడు ఎండిపోతుంది: అమెరికా డాక్టరు’ అని సాక్షాత్తు తమరినే పంపించాడు. పిల్లలు అక్షరం మార్చకుండా మూడో లెవెల్‌లో పెట్టేసుకున్నారు.

ఆ డాక్టరు గారి పేరు కాస్త కనుక్కుని పంపగలరా? టైటిల్స్‌లో కృతజ్ఞతలు వేస్తారట.

ఇట్లు,
తమరి చేత రోజూ నిద్ర లేపబడుతున్న
ఒక గ్రూపు సభ్యుడు