ఫ్లెక్సీ కప్పుకుని పడుకున్న పళ్ళ కుర్చీ గారికి

మహారాజశ్రీ సర్కారు ఆసుపత్రి పంటి వైద్యపు కుర్చీ గారి సముఖమునకు,

ఒడిశా గజపతి జిల్లా తెలుగువాళ్ళ నమస్కారములు. తమరి ఒంటిమీద దుమ్ము పడకుండా నోటి ఆరోగ్య దినోత్సవం ఫ్లెక్సీ కప్పారు. బాగుంది. ఉమ్మే తొట్టిలో ఓపీ చీటీల కట్టలు పెట్టారు. అదీ బాగుంది.

మొన్న సంతనాడు జీడితోట కూలి ఒకామె కుడి దవడ ఉబ్బిపోయి, కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "కుర్చీ పాడైందమ్మా, వాపు తగ్గాక చూద్దాం, కాలి ఆసంతు" అన్నారు, అంటే ఒడియాలో రేపు రండని. చేతిలో బిళ్ళలు పెట్టి పంపేశారు.

తమరి జబ్బు తెలియనిది కాదు. తమరికి గాలి అందించే కంప్రెసర్ ట్యాంకు అడుగున చిన్న కుళాయి ఉంటుంది. రోజూ సాయంత్రం అది తిప్పి నీళ్ళు వదిలేయాలి. ఎవరూ వదల్లేదు. ఆ చెమ్మ గాలిగొట్టంలోకి ఎక్కి గాలితో తిరిగి పన్ను కోసే ఎయిరోటర్ బేరింగును తినేసింది. ఆపైన ఓల్టేజీ ఎగిరి బోర్డు కాలింది. స్టెబిలైజర్ కావాలని రాసిన ఇండెంటులో ఉంది, గదిలో లేదు. యంత్రమన్నాక పాడవుతుంది, తప్పు పట్టం.

కానీ పన్ను పీకడానికి మీతో పనేమిటండీ? ఊళ్ళలో క్యాంపులు పెడితే బడి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి పీకుతున్నారు కదా! కింది దంతానికి కావలసింది అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్ మత్తుమందు, రెండు మిల్లీలీటర్ల సిరంజి, పొడుగు సూది. చీమున్న చోట పుల్లదనం ఎక్కువ, అక్కడ గుచ్చితే మత్తు సరిగా పట్టదు. అందుకే దవడ వెనకాల నరం దగ్గర మత్తు సూది, అదే బ్లాక్, ఇస్తారు. పెదవి మొద్దుబారేదాకా ఆగి, ఎలివేటరనే పనిముట్టుతో కదిపి, ఫోర్సెప్స్‌తో తీసి, గాజుగుడ్డ మడత అరగంట కరిచి పట్టుకోమంటారు. బీపీ, షుగరు ముందే చూసుకుంటారు. వెలుగుకి టార్చి చాలు. పనిముట్లని ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ పక్కనే కాన్పుల గదిలో రోజూ నడుస్తూనే ఉంది. వేరు విరిగితేనో, జ్ఞానదంతం ఎముకలో అడ్డంగా పడుకుంటేనో ఎయిరోటర్ కావాలి, ఒప్పుకుంటాం. పిప్పి పట్టి ఊగుతున్న పన్నుకి కూడా మీరే అడ్డమా?

ఇక "వాపు తగ్గాక రండి" సంగతి. చచ్చిన పంటి లోపలికి రక్తం పోదు. రక్తం పోనిచోటికి అమాక్సిసిలిన్ ఎలా పోతుంది? చుట్టూ ఉన్న వాపు తగ్గుతుంది, నొప్పి అణుగుతుంది, మనిషి పనిలోకి పోతుంది. చీము మూలం పంటిలోనే కూర్చుంటుంది, మళ్ళీ పొంగుతుంది. చాలా వాపుల్లో వాపుండగానే పన్ను తీసేయడమో, కోసి చీము వదలడమో అసలు వైద్యం. బిళ్ళలు దానికి తోడు మాత్రమే.

నొప్పి మీద గుడాకు, అదే పొగాకు ముద్ద, రుద్దేవాళ్ళు, ఆస్పిరిన్ చిగురు మీద పెట్టుకుని కాల్చుకునేవాళ్ళు వేరే. వాళ్ళనేం అంటాం, రాత్రి పడుకుంటే నొప్పి ఇంకా పోటెత్తుతుంది.

పర్లాకిమిడి దాటి ఆంధ్రాలోని పాతపట్నం పోతే ప్రైవేటు డాక్టరున్నాడు, డబ్బుంటే. ఆంధ్రా ఆరోగ్య కార్డు ఒడిశా వాళ్ళకి చెల్లదు. ఇక్కడి ఆయుష్మాన్ కార్డులో ఐదు లక్షలున్నాయి, కానీ ఓపీ వైద్యానికి పైసా రాదు. అంటే జబ్బు పంటి దగ్గరే ఉంటే కార్డు కదలదు. దవడ కింద రెండువైపులా గట్టిపడి, నాలుక పైకి లేచి, ఉమ్ము మింగలేక, ఊపిరాడక మంచమెక్కితే అప్పుడు కదులుతుంది! ఆ స్థితిలో వచ్చినవాళ్ళని ఒక్క గంట కూడా ఆపకూడదు, బరంపురం మెడికల్ కాలేజీకి పరుగెత్తించాలి. పన్ను వేళకి పీకి ఉంటే అక్కడిదాకా వచ్చేదా? ఎవడబ్బ సొమ్మని ఇంత ఖర్చు? సిగ్గులేదూ నీకు?

నువ్వు లేవక్కర్లేదు. మెకానిక్ వచ్చేదాకా హాయిగా పడుకో. నీ వెనక బీరువా ఉంది చూడు, ఫోర్సెప్స్ సెట్టంతా అందులోనే ఉంది. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో అదొక్కటి చెప్పు. చెక్క కుర్చీ మేం తెచ్చుకుంటాం.

ఇట్లు,
వరండాలో దవడలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు